చక్రం మూలిగితే

పూర్వం పాడిగేదె ఉన్న ఇంట్లో ఒక ఫిర్యాదు తరచుగా వినిపించేది: మేత ఎక్కువ, పాలు తక్కువ అని. ఇప్పుడు కారున్న ఇంట్లో అదే ఫిర్యాదు మరో రూపంలో వినిపిస్తుంది. "పెట్రోలు తెగ తాగుతోందండీ! కొన్నప్పుడు లీటరుకు 18 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 15 వస్తే గగనంగా ఉంది" అంటారు. అనడమే తడవు, నలుగురూ నాలుగు రకాల వైద్యాలు చెబుతారు. ప్లగ్గులంటారొకరు, ఫిల్టరంటారొకరు. ఇంకొకరు చక్రం పట్టుకుని ఇటూ అటూ ఊపి, "బేరింగులు పోయాయి సార్, అందుకే మైలేజి రావడం లేదు" అని తేల్చేస్తారు.

ఈ ఆఖరి మాటలో నిజమెంత? అరిగిన బేరింగు నిజంగా పెట్రోలు తాగుతుందా? తాగితే ఎంత తాగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకబోయి మా బావగారు సూర్యాపేటలో ఒక లెఖ్ఖ వేశారు. ఆ లెఖ్ఖలో తప్పు లేదు. కాని ఆ లెఖ్ఖను నమ్ముకుని ఇంటిల్లిపాదీ ఒక ప్రయాణం చేశారు. ఆ ప్రయాణం క్షేమంగా ముగిసింది గనుకనే ఈ వారం ఈ సంగతి తేలికగా చెప్పుకోగలుగుతున్నాం.

కోదాడ వాన

ముందు మనుషుల్ని పరిచయం చెయ్యాలి. నేనుండేది కోదాడ. అక్కయ్యా బావగారూ ఉండేది సూర్యాపేట. వారి అమ్మాయిని మిర్యాలగూడ ఇచ్చారు. అల్లుడు ఒక బియ్యం మిల్లులో లెఖ్ఖలు చూస్తాడు. సూర్యాపేటకు నాటికీ నేటికీ రైలు స్టేషను లేదు. హైదరాబాదుకూ విజయవాడకూ దాదాపు నడిమధ్యన రోడ్డు మీద కూర్చున్న ఊరది. కనుక ఏ మంచికైనా చెడ్డకైనా మా వాళ్లకు చక్రాలే గతి. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ, అక్కణ్ణుంచి తిరిగి సూర్యాపేట. ఈ ముక్కోణం చుట్టి వస్తే సుమారు 140 కిలోమీటర్లు. రిటైరైన లెఖ్ఖల మాస్టారు మా బావగారు. నెలకొకసారైనా ఈ ప్రదక్షిణం చెయ్యనిదే ఆయనకు తోచదు.

2024 ఆగస్టు ఆఖరి రోజున ఆయన కారు మా ఇంటి ముందు ఉన్నది. ఆ రాత్రి, ఆ మర్నాడు సెప్టెంబరు 1న కురిసిన వాన ఈ ప్రాంతం వాళ్లెవరూ మరచిపోరు. కోదాడ వీధులు వాగులయ్యాయి. విజయవాడ రోడ్డు మీద రాకపోకలు నిలిచిపోయాయి. మా వీధిలో నీళ్లు కారు చక్రాల సగం దాకా వచ్చి, తెల్లవార్లూ అలాగే నిలిచి ఉన్నాయి. ఇంజనులోకి నీళ్లు పోలేదు. నీరు తీసిన తర్వాత బావగారు తాళం తిప్పగానే కారు బుద్ధిగా కదిలింది. "చూశావుటోయ్, మన బండి ఎంత గట్టిదో!" అని మురిసిపోయి, కడిగించుకుని వెళ్లిపోయారు.

చక్రాల లోపల ఏం జరిగిందో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

కందెన నుంచి గోళీల దాకా

చక్రం లోపల ఏముంటుందో తెలియాలంటే ఒకసారి ఎడ్లబండి దగ్గరికి వెళ్లాలి. బండి చక్రం ఇరుసు మీద తిరుగుతుంది. తిరిగేటప్పుడు రెండూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడి తగ్గడానికి మన వాళ్లు వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన తయారుచేసి పూసేవారు. బండి కింద వేలాడే కందెన గొట్టం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కందెన ఆరిన బండి వస్తోందంటే ఊరి పొలిమేర నుంచే తెలిసిపోయేది. కిర్రుకిర్రుమని ఊరంతా చాటుకుంటూ వచ్చేది. ఎద్దులకు రొప్పు వచ్చేది.

కందెన ఎంత పూసినా ఒరిపిడి ఒరిపిడే. బరువైన పెట్టెను నేల మీద ఈడ్చడం కష్టం. కింద నాలుగు దుంగలు పెట్టి దొర్లించడం సులువు. ఇరుసుకూ చక్రానికీ మధ్య ఆ దుంగల బదులు ఇనుప గుండ్లు పెడితే సరిపోతుంది గదా అని 1794లో వేల్సు దేశపు ఇనుప పనివాడు ఫిలిప్ వాన్ గుర్రపు బండి ఇరుసు కోసం ఒక పేటెంటు పుచ్చుకున్నాడు. గుండ్లన్నీ ఒకే సైజులో, నున్నగా చెయ్యగలిగితేనే ఆ ఉపాయం పండుతుంది. 1883లో జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గోళీలను సానబట్టే యంత్రం కనిపెట్టాక అది సాధ్యమయింది. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్కెన్ గోళీల స్థానంలో ఒక కొస సన్నగా ఉండే రోలర్లు పెట్టాడు. ఇవి పైనుంచి పడే బరువునూ, మలుపుల్లో పక్కనుంచి వచ్చే తోపునూ కలిపి భరిస్తాయి. ఈ రోజుకూ మన లారీల చక్రాల్లో తిరిగేవి ఈ జాతి రోలర్లే. మన దేశంలో 1946లో జయపూరులో బేరింగుల కర్మాగారం పెట్టారు.

నేటి కారులో బేరింగు, హబ్బు కలిసి చాలామటుకు ఒకటే ముక్కగా వస్తాయి. గ్రీజు లోపలే పోసి, రెండు పక్కలా రబ్బరు సీళ్లు బిగించి ఉంటుంది. మనం గ్రీజు పెట్టే పని లేదు. సీలు బాగున్నంతకాలం లక్ష కిలోమీటర్లయినా అడగకుండా తిరుగుతుంది. సీలు లోపలికి నీళ్లు దిగితే మాత్రం కథ మారిపోతుంది. గ్రీజు మజ్జిగలా తెల్లబడుతుంది. గోళీలు దొర్లే దారిలో తుప్పు చుక్కలు పడతాయి. అద్దంలాంటి ఆ దారి మీద ఒక్క చుక్క పడితే చాలు, గోళీ వచ్చి వచ్చి దాని మీదే కొట్టుకుంటుంది. చుక్క గుంట అవుతుంది, గుంట అంచులు రాలతాయి, రాలిన పొడి మళ్లీ గోళీల కిందే పడుతుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు. నీళ్లు దిగిన వానాకాలంలో ఏమీ తెలియదు. సంక్రాంతికో, శివరాత్రికో రొద మొదలవుతుంది.

బావగారి కారు సరిగ్గా సంక్రాంతికే మొదలుపెట్టింది.

మాస్టారి లెఖ్ఖ

నలభై దాటగానే ముందు ఎడమ పక్క నుంచి "ఊఁ..." మని సన్నని రొద. దాంతోపాటు మైలేజి 18 నుంచి 15కు దిగింది. సూర్యాపేటలో ఒక షెడ్డులో చూపిస్తే, అక్కడి మెకానిక్కు చక్రం ఊపి చూసి, "బేరింగు పోయింది సార్. మారిస్తే మీ మూడు కిలోమీటర్లూ మీకు తిరిగొస్తాయి" అన్నాడు.

లెఖ్ఖల మాస్టారితో "మూడు" అనడమే ఆ మెకానిక్కు చేసిన పొరపాటు. బావగారు ఇంటికొచ్చి కాగితం తీశారు. ఆయన లెఖ్ఖ ఇక్కడ పెడతాను. భయపడకండి, ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అందుకోగలరు.

కారు బరువు సుమారు 1000 కిలోలు. సమమైన తారు రోడ్డు మీద దాన్ని దొర్లిస్తూ ఉంచడానికి టైర్లకు అయ్యే ఖర్చు అందులో నూరోవంతు, అంటే 10 కిలోల తోపు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలిని చీల్చడానికి మరో 10 కిలోలు. మరి నాలుగు చక్రాల బేరింగులకు? గోళీల మీద దొర్లే ఇరుసుకు రాపిడి బహు స్వల్పం. మోసే బరువులో వెయ్యింట ఒకటి రెండు వంతులు. పైగా ఆ రాపిడి ఇరుసు దగ్గర, చక్రం నడుమ ఉన్నది. చక్రం అంచున నేలను తన్నే టైరుకు అది పదోవంతుగా మాత్రమే తెలుస్తుంది. తిరగలి పిడి అంచున ఉంటే తిప్పడం ఎంత సులువో మన ఆడవాళ్లకు చెప్పనక్కర లేదు, ఇదీ అదే. రబ్బరు సీళ్ల పట్టు, గ్రీజు చిక్కదనం కలుపుకున్నా నాలుగు బేరింగులకూ కలిపి అరకిలో, ముప్పావు కిలో. ఒక్క బేరింగు వాటా 150 గ్రాములు.

ఆ ఒక్కటీ అరిగి మూడింతల రాపిడి పెట్టిందనుకుందాం. అదనంగా పడే భారం 300 గ్రాములు. మొత్తం తోపు 20 కిలోల పైచిలుకు గనుక ఇది ఒకటిన్నర శాతం లోపు. లీటరుకు 18 ఇచ్చే కారుకు పావు కిలోమీటరు నష్టం!

బావగారు అక్కడితో ఆగలేదు. మూడు కిలోమీటర్ల మైలేజిని ఆ ఒక్క బేరింగే మింగాలంటే అది ఎంత రాపిడి పెట్టాలని తిరగేసి లెఖ్ఖ వేశారు. తోపు ఐదోవంతు పెరగాలి. ఆ శక్తి ఎక్కడికీ మాయమైపోదు, వేడిగా మారాలి. అరవై వేగంలో అది దాదాపు 700 వాట్లు. అంటే ఒక ఇస్త్రీపెట్టె! "చక్రం నడుమ ఇస్త్రీపెట్టె పెట్టుకుని సూర్యాపేట నుంచి కోదాడ దాకా వెడితే ఆ బేరింగులో గ్రీజు మిగులుతుందా? మెకానిక్కు నన్ను బురిడీ కొట్టిస్తున్నాడోయ్!" అని ఫోనులో విజయగర్వంతో చెప్పారు.

నాకూ ముచ్చటేసింది. ఔనన్నాను. మాలో ఒకరికైనా తట్టని సంగతేమిటంటే, బేరింగు మూడు కిలోమీటర్లు తినడం లేదని రుజువైనంత మాత్రాన బేరింగు బాగున్నట్టు రుజువు కాలేదు. మెకానిక్కు రెండు మాటలు చెప్పాడు. రెండోది తప్పని తేలింది గదా అని మొదటిదాన్ని కూడా చెత్తబుట్టలో వేశారు మా బావగారు. నేను దానికి తలూపాను.

మిల్లు ఫిట్టరు చెవి

2025 ఉగాదికి అమ్మాయి ఇంటికి ప్రయాణం. ముందు కోదాడ వచ్చి, నన్నూ మా ఆవిణ్ణీ ఎక్కించుకుని, నేరేడుచర్ల దారిని మిర్యాలగూడ. వెనక సీట్లో అక్కయ్య ఒళ్లో ఆరేళ్ల మనుమరాలు. హుజూర్‌నగర్ దాటేసరికి రొద కాస్తా గర్జన అయింది. మాట్లాడితే వినపడటం లేదు. కుడివైపు మలుపు తిరిగినప్పుడల్లా మరీ పెరుగుతున్నది. బ్రేకు నొక్కితే పెడలు మునుపటికన్నా లోతుకు పోతున్నది. బావగారు రేడియో పెంచారు.

మూసీ వంతెన దాటి మిర్యాలగూడ చేరి, అల్లుడి కోసం మిల్లు ఆవరణలోకి పోనిచ్చాం. మిర్యాలగూడ మిల్లుల సంగతి వేరే చెప్పాలా? 1967లో సాగరు కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఈ చుట్టుపక్కల పొలమంతా వరి అయింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. బియ్యం మిల్లంటే బేరింగుల పుట్ట. ఎలివేటర్లకు, జల్లెళ్లకు, ఫ్యాన్లకు, పొట్టు తీసే రోలర్లకు అడుగడుగునా బేరింగే. ఒకటి పట్టేస్తే లైనంతా ఆగుతుంది. అంచేత అక్కడి ఫిట్టర్ల చెవులు వైద్యుల చెవుల్లాంటివి. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను యంత్రం మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని ఏ గోళీ మూలుగుతున్నదో చెప్పగలరు.

అలాంటి ముసలి ఫిట్టరొకాయన గేటు దగ్గర బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. మా కారు ఆగకముందే లేచి వచ్చాడు. "సారూ, ఇంజను బంద్ చెయ్యండి. పిల్లను దింపండి" అన్నాడు. ఆ రెండో మాట విని నాకు గుండె జారింది.

నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి వెనక భాగం చూపి చూశాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఎడమది చెయ్యి చూపనివ్వలేదు. జాకీ పెట్టి లేపి, చక్రం చేత్తో తిప్పబోతే తిరగనే లేదు. బావగారి ముఖం వెలిగింది. "అదీ! నేను చెప్పలేదూ? ఇది బ్రేకు పట్టేసింది, బేరింగు కాదు" అన్నారు. ఫిట్టరు ఔనూ కాదూ అనకుండా బ్రేకు కాలిపరు విప్పి పక్కకు తీశాడు. అది జారవలసిన పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. బ్రేకు ప్యాడు వదలకుండా డిస్కును రాస్తూనే ఉన్నది. మూడు కిలోమీటర్ల దొంగ దొరికాడు.

"ఇప్పుడు తిప్పి చూడండి సారూ" అన్నాడు ఫిట్టరు. బావగారు తిప్పారు. చక్రం తేలిగ్గా తిరిగింది. తిరుగుతూ ఇసుక నములుతున్నట్టు కరకరలాడింది. "ఇగ మీదా కిందా పట్టి ఊపండి." ఊపితే చక్రం టకటకమని కదిలింది. కదలిక ఎంతున్నదో వేలితో చూపించాడు ఫిట్టరు. "సారూ, ఇది పెట్రోలు తాగదు. మీ లెక్క కరెక్టే. ఇది చక్రాన్నే ఊడగొడతది. ఇంకో యాభై కిలోమీటర్లు పోతే ఏమయితదో నేను చెప్పలేను" అన్నాడు.

బావగారు అక్కడే మిల్లు అరుగు మీద కూర్చుండిపోయారు. మనుమరాలు వచ్చి, "తాతయ్యా, కారుకు జ్వరమా?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు.

కోదాడ వాన ఒకే చక్రానికి రెండు రోగాలు తెచ్చింది. కాలిపరు పిన్నులకు పట్టిన తుప్పు పెట్రోలు తిన్నది. బేరింగులో దిగిన నీరు బేరింగును తిన్నది. మొదటిది జేబుకు తెలిసింది. రెండోది చెవికి మాత్రమే తెలిసింది.

అరిగిన బేరింగు ఏం చేస్తుంది?

అరిగినకొద్దీ చక్రం ఇరుసు మీద నిటారుగా నిలవదు, తొణుకుతుంది. తొణికే చక్రానికి టైరు ఒక పక్కన అరుగుతుంది. డిస్కు వంకరగా తిరిగి ప్యాడ్లను వెనక్కి తోస్తుంది. అంచేతనే బ్రేకు పెడలు లోతుకు పోయేది. కొన్ని కార్లలో చక్రం వేగాన్ని కనిపెట్టే సెన్సారు బేరింగు దగ్గరే ఉంటుంది కనుక ఏబీఎస్ దీపం వెలుగుతుంది. చివరి దశలో గోళీలను విడివిడిగా పట్టి ఉంచే పంజరం పగులుతుంది. అప్పుడు చక్రం బిగుసుకుపోవచ్చు, వదులై ఊడి రావచ్చు. నాలుగు వరసల రోడ్డు మీద, వెనక లారీ వస్తుండగా ఆ రెండింటిలో ఏది జరిగినా పెట్రోలు లెఖ్ఖ చూసుకునేవారెవరు?

రొద బేరింగుదా, టైరుదా అని అనుమానం వస్తుంది. దానికి గుర్తులున్నాయి. రోడ్డు మారితే, అంటే తారు నుంచి సిమెంటు మీదికి పోతే, టైరు చప్పుడు మారుతుంది. బేరింగు రొద మారదు. క్లచ్చి నొక్కి ఇంజను వేగం తగ్గించినా బండి వేగాన్ని బట్టి రొద అలాగే ఉంటే అది ఇంజనుది కాదు. కుడివైపు తిరిగినప్పుడు బండి బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది; అప్పుడు రొద హెచ్చితే సాధారణంగా లోపం ఎడమవైపు ఉన్నట్టు. ఎడమకు తిరిగితే హెచ్చేది కుడివైపుది.

మార్చవలసి వస్తే సుత్తితో బాది ఎక్కించనివ్వకండి. ప్రెస్సుతో నొక్కి ఎక్కించాలి. దెబ్బ గోళీల మీదుగా పోతే కొత్త బేరింగుకు మొదటి రోజే గుంటలు పడతాయి. నట్టు బిగింపు కంపెనీ చెప్పిన కొలత ప్రకారం, కొలత చూపే రెంచీతోనే జరగాలి. లారీ, ట్రాక్టరు ఉన్నవారికి మరొక మాట. రోలరు బేరింగు మరీ వదులుగా ఉన్నా చేటే, మరీ బిగించినా చేటే, బిగిస్తే కాలిపోతుంది. గ్రీజు కూడా కూరి నింపకూడదు. ఖాళీలో మూడోవంతు నుంచి సగం దాకా చాలు. ఎక్కువైతే అదే చిలకబడి వేడెక్కుతుంది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు హబ్బుల్లో నీరు చేరిందేమో చూసుకోవాలి. ఇక కారు కడిగే చోట ఒత్తిడి నీళ్ల గొట్టాన్ని హబ్బు సీలు మీదికి గురిపెట్టవద్దని చెప్పండి.

పెట్రోలు తాగే అసలు దొంగలు

మరి మైలేజి తగ్గితే ఎక్కడ వెతకాలి? ముందు నిజంగా తగ్గిందో లేదో తేల్చుకోండి. టాంకు నిండా పోయించి కిలోమీటర్లు రాసుకోండి. మళ్లీ నిండా పోయించినప్పుడు పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించండి. ఇలా మూడుసార్లు చేస్తేగాని ఆ సంఖ్యను నమ్మకూడదు.

తర్వాత చక్రాలను తాకి చూడడం. గట్టిగా బ్రేకులు వెయ్యకుండా పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిపి, ఆపి, చెయ్యి వెనక భాగం చూపండి. నాలుగింటిలో ఒకటి విడిగా వేడెక్కి ఉంటే బ్రేకు పట్టేస్తున్నట్టో, బేరింగు చెడినట్టో. రెండింటిలో ఏదయినా షెడ్డుకు వెళ్లవలసిందే.

మూడోది టైర్లలో గాలి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పౌండు గాలి తగ్గితే మైలేజి 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెఖ్ఖ. చిన్నదే అనిపిస్తుంది, ఏడెనిమిది పౌండ్లు తగ్గినా పట్టించుకోని మనకు అది చెడిన బేరింగుకన్నా ఎక్కువే.

నాలుగోది వేగం. గాలి అడ్డు వేగంతో పాటు వర్గంగా పెరుగుతుంది. అరవైలో 10 కిలోలున్నది వందలో దాదాపు 28 కిలోలవుతుంది. పండక్కి త్వరగా ఇల్లు చేరాలని నూరు మీద నడిపి, తర్వాత మెకానిక్కును నిందించడం న్యాయం కాదు.

అయిదోది పెట్రోలే. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలిసి వస్తున్నది. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడోవంతు తక్కువ. 20 శాతానికి తగినట్టు తయారుకాని నాలుగు చక్రాల బండ్లకు 6, 7 శాతం దాకా మైలేజి తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన పత్రమే చెప్పింది. మీ కారు ఏ ఏటిదో చూసుకుని మరీ బెంగపడండి.

చివరి మాట

బావగారి కారుకు బేరింగు మార్చారు. కాలిపరు పిన్నులు శుభ్రం చేసి, టైర్లలో గాలి సరిచేశారు. మిగతా మూడు చక్రాలనూ లేపి తిప్పి చూశారు, అవి బాగానే ఉన్నాయి. మూడు టాంకులు కొలిచాక మైలేజి పదిహేడున్నర. "ఇందులో బేరింగు వాటా పావు కిలోమీటరేనోయ్, నా లెఖ్ఖ తప్పు కాదు" అని బావగారు ఇప్పటికీ అంటారు. కాసేపాగి, "అడగవలసిన ప్రశ్న అది కాదనుకో" అని తనే ఒప్పుకుంటారు. సూర్యాపేట మెకానిక్కు దగ్గరికి వెళ్లి ఆ సగం మాట నిజమేనని చెప్పి కూడా వచ్చారట. అది పెద్దరికం.

అక్కయ్య మాత్రం ఆయన్ని అంత సులువుగా వదల్లేదు. "సంక్రాంతి నుంచీ చెబుతూనే ఉన్నాను, చక్రం రుబ్బురోలులా మూలుగుతోందండీ అని. విన్నారా? మీకు లెఖ్ఖలొచ్చు. నాకు చెవులున్నాయి" అన్నది.

మీ ఇంట్లో కూడా వెనక సీట్లో కూర్చునేవారు ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. ఈసారి అన్నప్పుడు రేడియో పెంచకండి.